ముప్పై ఎనిమిది నడుము

వన్ టౌన్, విశాఖపట్నం
జూన్ 4

దర్జా గైడ్ పేజీ యజమాని గారికి,

మొహియుద్దీన్ జెంట్స్ టైలర్స్ నుంచి రసూల్ బీ రాయించునది. మీరు క్షేమమని తలుస్తాను. మేము క్షేమం కాదు.

మా షాపు కురుపాం మార్కెట్ వెనక సందులో ఉంది. మా ఆయన పోయాక ఇరవై ఆరేళ్ళుగా నేనే నడుపుతున్నాను. మగవాళ్ళ బట్టలు తప్ప ఇంకేమీ కుట్టను. వీర్రాజు అని, పోర్టులో క్రేను నడిపే మనిషి, నాకు పంతొమ్మిదేళ్ళ గిరాకీ. పోయిన నెల అతను ఫోనులో మీ ఫొటో తెచ్చాడు. వంకాయ రంగు చొక్కా, ఒంటికి రంగేసినట్టు అతుక్కుని ఉంది.

"మామ్మా, అచ్చం ఇలగే కుట్టాల" అన్నాడు.

"నీకు పొట్టుంది కదరా" అన్నాను.

"ఫిట్టింగుంటే పొట్ట కనబడదని ఈ గైడులో సెప్పాడు. నువ్వు కుట్టు."

కుట్టాను. మేనకోడలి పెళ్ళికి వేసుకెళ్ళాడు. అక్షింతలు వేయడానికి చెయ్యెత్తాడు. చంక నుంచి నడుము దాకా కుట్టు పోయింది. ఆ చప్పుడుకి సన్నాయి ఆగిందట. అక్షింతలు పురోహితుడి మీద పడ్డాయి. ఇప్పుడు సందంతా "మామ్మ చెయ్యి పోయింది" అని చెప్పుకుంటున్నారు. నా చెయ్యి బాగానే ఉంది.

అందుకని మీ ఫొటో పరీక్షించాం. మీ వెనక గోడకి అద్దం ఉంది. నా మనవరాలు ఆస్రా దాన్ని వేళ్ళతో లాగి పెద్దది చేసింది. అద్దంలో మీ వీపు కనబడింది. మీ క్లిప్పులు చూశాం. నాలుగూ చూశాం. ఇంక నేను చెప్పేదేమీ లేదు. మీరే మీ పేజీలో నలుగురికీ నిజం చెప్పండి.

ఇట్లు,
రసూల్ బీ

తా.క. రాస్తున్నది ఆస్రా, డిగ్రీ రెండో సంవత్సరం. దాదీ చెబుతుంది, నేను రాస్తాను. ఇంతకుముందు మీకు మూడుసార్లు మెసేజ్ పెట్టాం. మూడుసార్లూ జవాబుగా ఎర్ర గుండె బొమ్మ వచ్చింది. మూడో గుండె చూశాక దాదీ "ఈడికి ఉత్తరమే రాయాల" అంది.

*

దువ్వాడ
జూన్ 9

గౌరవనీయులైన రసూల్ బీ గారికి నమస్కారాలు.

మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. "బట్టలు పంపదలచిన కంపెనీల కోసం" అని పదకొండు నెలల కిందట పేజీ మీద మా ఇంటి చిరునామా పెట్టాను. ఆ చిరునామాకి వచ్చిన మొదటి కవరు మీదే. పోస్ట్‌మాన్ దగ్గర సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది.

వీర్రాజు గారికి జరిగినదానికి చింతిస్తున్నాను. అయితే నా క్లిప్పులు మీరు అంత శ్రద్ధగా చూసినందుకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. మీరు నాలుగే చూశారు. మొత్తం నూట పదహారు ఉన్నాయి. వీలు చూసుకుని మిగతావి కూడా చూడగలరు. అద్దం నచ్చినందుకు సంతోషం. అది మా అమ్మది.

మీరు అనుభవం ఉన్నవారు కాబట్టి నా పరిస్థితి దాచకుండా రాస్తున్నాను. మగవాళ్ళు ఎలా తయారవ్వాలో చెప్పే ఈ పేజీకి రెండు వందల పద్నాలుగు మంది ఫాలోయర్లు. అందులో అరవై మంది బంధువులు. పేజీ పైకి రావాలంటే ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పినవన్నీ చేశాను. మొదటి మూడు సెకన్లలో హుక్ పడాలన్నారు. ఎంత ప్రయత్నించినా నాకు పడటం లేదు. రోజుకి మూడు రీళ్ళు తప్పనిసరి అన్నారు. రెండు దాటేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. బీచ్ రోడ్డు మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నెమ్మదిగా నడవమన్నారు. నడిచాను.

మా నాన్నగారు రమణమూర్తి గారు స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. "ఆగస్టు ఆఖరు దాకా సూత్తాను. అప్పటికీ నీకో పని కనబడకపోతే అనకాపల్లెల్లి మీ మావయ్య సిమెంటు కొట్లో కూకుంటావు" అని తేల్చేశారు. సిమెంటు కొట్లో ఏ చొక్కా వేసుకున్నా సాయంత్రానికి ఒకటే రంగు.

మీ సలహా కోరుతూ,
గుణశేఖర్

తా.క. ఆ గుండె బొమ్మలు వాటంతటవే వెళ్ళేలా పెట్టాను. అందరికీ ఒకే గుండె వెళ్తుంది. అన్యథా భావించవద్దు.

*

వన్ టౌన్
జూన్ 15

బాబూ గుణశేఖర్,

నీ ఉత్తరం అందింది. చదివించుకుని చాలాసేపు మిషను ఆపేశాను.

నాలుగు క్లిప్పులకే నాకు కోపం వచ్చింది. నూట పదహారని తెలిశాక ఆ కోపం పోయింది. చొక్కా వదులైతే వెనక్కి లాగి, బట్టలారేసే క్లిప్పులు పెట్టి, ముందు నుంచి ఫొటో తీస్తారని నాకు తెలుసు. షాపుల్లో బొమ్మలకి కూడా అలాగే పెడతారు. కానీ ఒక్క మనిషికి నూట పదహారు పెట్టాల్సి వచ్చిందంటే ఆ మనిషి ఎంత చిక్కిపోయి ఉండాలి! వేళకి తింటున్నావా? మీ అమ్మగారు చూసుకోవడం లేదా?

ఇక హుక్ సంగతి. ఇంత బక్కపలచటివాడికి ప్యాంటు హుక్ పడకపోవడం ఏమిటా అని ఆలోచించాను. చెయ్యి వణుకుతుందని నువ్వే రాశావు కదా, అదీ కారణం. మంచి రకం హుక్కులు పంపుతున్నాను, వణికినా పడతాయి. రీళ్ళ సంగతి మాత్రం నాకు నచ్చలేదు. షాపు నడిపే నాకే వారానికి ఒక రీలు పడుతుంది. నీ చేత రోజుకి మూడు రీళ్ళ దారం కుట్టిస్తున్న ఆ యజమాని ఎవడో గానీ నీ రక్తం తాగుతున్నాడు. మానెయ్యి.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నెమ్మదిగా నడిచావని చదివినప్పుడు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నాకూ పోయిన ఏడాది కుడి కంటికి ఆపరేషన్ అయింది. నలభై రోజులు తల వంచకు, అంతే.

రెండు డజన్ల హుక్కులు, పన్నెండు తెల్ల దారం రీళ్ళు, అరకిలో ఖర్జూరాలు పార్సిల్ చేశాను. ఖర్జూరాలు రోజుకి అయిదు తిను.

దీవెనలతో,
రసూల్ బీ

తా.క. క్లిప్పులన్నా, రీళ్ళన్నా, హుక్కన్నా మీ ఉద్దేశం ఏమిటో నాకు తెలుసు. వీడియోల సంగతని దాదీకి చెప్పబోయాను. "రీలు గురించి నువ్వు నాకు సెప్తావేటి?" అంది. కాబట్టి దారం పంపుతున్నాం. ఖర్జూరాల్లో కొన్ని నేను తిన్నాను. - ఆస్రా

*

దువ్వాడ
జూన్ 27

మామ్మ గారికి నమస్కారాలు.

ముందుగా క్షమాపణ. ఆ నాలుగు బట్టల క్లిప్పులూ నిజమే. ఆ చొక్కా మా బావ గవర్రాజుది, ఆయన నాకు రెండింతలుంటాడు. నూట పదహారు మాత్రం వీడియోలు. హుక్ అంటే చూసేవాణ్ణి ఆపే మొదటి మాట. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఖర్జూరాలు కూడా బాగున్నాయి.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. మీ పార్సిల్ నేను ఇంట్లో లేనప్పుడు వచ్చింది. నాన్నగారు విప్పారు. నేను వచ్చేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. నాన్నగారు నా కోసం కుర్చీ వేయడం పదో తరగతి ఫలితాల తర్వాత ఇదే.

"టైలరింగు నేర్సుకుంటన్నావేటి?" అన్నారు.

ఆయన ఒళ్ళో మీ దారం రీళ్ళు పన్నెండూ ఉన్నాయి.

"మరి సెప్పవేటిరా! సేతిపని! నాను, ఈడు ఫోనులో ఏటో సేత్తన్నాడు అనుకున్నాను" అని వీపు తట్టారు.

మామ్మ గారూ, నా వీపు మీద ఆ చెయ్యి పడి చాలా ఏళ్ళయింది. అవునన్నాను.

మర్నాటికి కాలనీ అంతా తెలిసిపోయింది. ఆ మర్నాడు ఆయన బీరువాలోంచి, రిటైర్మెంటప్పుడు వచ్చిన ప్యాంటు గుడ్డ తీసి నా ఒళ్ళో పెట్టారు. జూలై ఇరవైన పాత షిఫ్టువాళ్ళంతా కలుస్తున్నారు. కొడుకు కుట్టిన ప్యాంటు వేసుకెళ్తారట. నాకు గుండీ కుట్టడం కూడా రాదు.

గుడ్డ, నమూనాకి ఆయన పాత ప్యాంటు ఒకటి పంపుతున్నాను. ఈ ఒక్కసారికి మీరు కుట్టి పెట్టండి. నడుము ముప్పై ఎనిమిది. టేపు పెట్టబోతే "నా నడుం నాకు తెల్దేటి?" అన్నారు.

మీ గుణశేఖర్

తా.క. మా అమ్మ చిలకమ్మ మీకు దణ్ణాలు చెప్పమంది. ఆమెకి నిజం తెలుసు. నాన్నగారి నడుము ముప్పై ఎనిమిదేనా అని అడిగితే నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

వన్ టౌన్
జూలై 12

బాబూ గుణశేఖర్,

ప్యాంటు పంపుతున్నాను. నడుము సరిచేశాను.

నీ పేజీ గురించి కూడా ఆలోచించాను. నీ వీడియోలన్నీ ఆస్రా చూపించింది. అన్నింట్లోనూ నువ్వే చెబుతావు, ఎవడూ అడగడు. లేత గులాబీ చొక్కా మీదికి బూడిద రంగు ప్యాంటు వేసుకోమంటావు. ఇరవై ఆరేళ్ళలో ఈ షాపుకొచ్చిన ఏ మగవాడికీ రంగు గురించి బెంగ లేదు. వాళ్ళ బెంగలు వేరు. కొత్త చొక్కా పట్టుకుని తెర వెనక్కి వెళ్తాడు. వేసుకుంటాడు. బయటికి రాడు. అక్కణ్ణుంచే గొంతు తగ్గించి అడుగుతాడు.

"మామ్మా, పొట్ట తెలస్తందా?"

"ఎడం భుజం కిందికుంటది. మా ఆవిడకి ఇంకా తెలీదు. అలగే తెలీకుండా కుట్టాల."

"సెమట మరక పైకి కనబడకండా ఏటైనా సెయ్యొచ్చా?"

ఒకాయన పెద్ద ఉద్యోగి. కూర్చుంటే చొక్కా గుండీల మధ్య సందులోంచి బనీను కనబడుతుందని మూడేళ్ళుగా మీటింగుల్లో నిలబడే ఉన్నాడు. ఆయన చాలా చురుకైన మనిషని ఆఫీసులో పేరు కూడా వచ్చింది. ఆ రెండు గుండీల మధ్య లోపలివైపు ఒక టిచ్ బటన్ వేస్తే సరిపోయింది. ఇప్పుడు కూర్చుంటున్నాడు.

పొట్ట ఉన్నవాడికి కావలసింది బిగుతు చొక్కా కాదు. భుజం మీద కుట్టు సరిగ్గా కూర్చోవాలి. అక్కడ సరిగ్గా ఉంటే చూసేవాడి కన్ను పొట్ట దాకా దిగదు. ఉక్కపోత ఊళ్ళో చంక కింద పల్చటి గుడ్డ ముక్క లోపల వేయించుకోవాలని ఎవరూ చెప్పరు, అడగడానికి వీళ్ళకి సిగ్గు. నువ్వు ఇవి చెప్పు. పేర్లు మాత్రం చెప్పకు. నడవకు, కూర్చుని చెప్పు. పాటలు తీసెయ్యి, గొంతు తగ్గించి అడిగినదానికి గొంతు తగ్గించే జవాబు చెప్పాలి. ముందుగా ఆ క్లిప్పుల సంగతి ఒప్పుకో.

దీవెనలతో,
రసూల్ బీ

తా.క. మీ నాన్నగారి పాత ప్యాంటు నడుము దగ్గర మూడుసార్లు విప్పి కుట్టిన గుర్తులున్నాయి. కొత్తది నలభై ఒకటికి కుట్టాం. లోపల పట్టీ మీద మాత్రం ముప్పై ఎనిమిది అని రాశాం. మీ నాన్నగారి ఒక్కరికే కాదు. ఈ షాపులో ఏ మగవాడికైనా నడుము అతని పెళ్ళినాటికి ఎంతుందో ఇప్పటికీ అంతే రాస్తాం. ఇంత పోటీలో షాపు నిలబడింది అందుకే. - ఆస్రా

*

దువ్వాడ
ఆగస్టు 8

మామ్మ గారికి, ఆస్రా గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. వరండాలో ముక్కాలిపీట మీద కూర్చున్నాను. కెమెరాకి ముందు నా వీపు చూపించి, నాలుగు క్లిప్పులూ ఒక్కొక్కటే తీశాను. తర్వాత నిలబడే ఉండిపోయిన ఉద్యోగి కథ చెప్పాను. మర్నాటికి ఎనిమిది వేల మంది చేరారు. కింద ఒకతను "నేనూ నిలబడే ఉంటున్నాను" అని రాశాడు. అతని కింద ఇంకో రెండు వందల మంది "నేనూ" అని రాశారు.

ఆ ఊపులో, షాపు పేరు చెప్పకుండా, నడుము పట్టీ సంగతి కూడా చెప్పేశాను. నాలుగు రోజుల్లో నలభై ఒక్క వేలు.

ఎవరు చూస్తున్నారా అని లెక్కలు తీసి చూశాను. నూటికి డెబ్భై ఒక్కమంది ఆడవాళ్ళు. మగవాళ్ళ గైడుని భార్యలు టేపు పట్టుకుని చూస్తున్నారు. గాజువాకలో ఒకావిడ భర్త ప్యాంట్లన్నీ మంచం మీద పరిచి కొలిచి ఫొటో పెట్టింది. ఆ ఫొటోలో ఒక మూల ఆయన చెయ్యి కూడా ఉంది, ఏదో అడ్డుకుంటున్నట్టు.

మా ఇంట్లో కూడా అమ్మ టేపు తీసింది. నాన్నగారి కొత్త ప్యాంటు కొలిచింది. నాన్నగారు పట్టీ చూశారు, టేపు చూశారు, నన్ను చూశారు. "ముప్పై ఎనిమిదని రాసింది నువ్వేటి?" అన్నారు. ఇంక దాచలేకపోయాను. ప్యాంటు నేను కుట్టలేదని, పని నేర్చుకోవడం లేదని, ఆ పేజీ నాదేనని అన్నీ చెప్పాను.

ఆయన పట్టీ మీది అంకెని బొటనవేలితో ఓసారి రుద్ది చూశారు.

"అయితే నా నడుం నలభై ఒకటని ఆ మామ్మకి తెల్సు, మీ అమ్మకి తెల్సు, ఇప్పుడు నలభై వేల మందికి తెల్సు."

"నీ పేరు సెప్పనేదు నాన్నా."

"అది సరే. మా షిఫ్టువోళ్ళు పదకొండు మంది ఆ ప్యాంటు సూసి గుడ్డలిచ్చేరు. మా అబ్బాయి కుడతాడని నాను మాటిచ్చేను. అయ్యి ఎవులు కుడతారు?"

జవాబు కూడా ఆయనే చెప్పారు. "పోయి ఆ మామ్మ దగ్గిర కూకో. పదకొండూ నువ్వే కుట్టాల. సిమెంటు సంగతి తరవాత సూద్దాం."

మామ్మ గారూ, పదిహేడో తేదీ సోమవారం వస్తున్నాను. ఓ మూల చోటు చూపించండి.

మీ గుణశేఖర్

తా.క. కంపెనీ నుంచి మొదటి పార్సిల్ వచ్చింది. టేపులు చేసే కంపెనీ. నలభై ఎనిమిది టేపులు పంపి, మీ సేవ ఇలాగే కొనసాగాలని రాశారు.

*

వన్ టౌన్
ఆగస్టు 13

గుణశేఖర్ గారికి,

ఈ ఉత్తరం దాదీ రాయించడం లేదు, నేనే రాస్తున్నాను. మీరు వచ్చేలోపు ఒక సంగతి చెప్పాలి.

జూలై పన్నెండు ఉత్తరంలో దాదీ చెప్పినవి రెండే మాటలు. ప్యాంటు పంపుతున్నాను, నడుము సరిచేశాను. మిగతాదంతా నేను రాశాను. దాదీ తన గిరాకీల రహస్యం ఎవరికీ చెప్పదు. చనిపోయిన మా తాతయ్య కొలతలు మాకే తెలీవు. కానీ ఏడో తరగతి నుంచీ నా చదువు బల్ల ఆ తెర పక్కనే ఉంది. అక్కడ కూర్చుని చదివిన ఎకనామిక్స్‌లో నాకు ఏదీ గుర్తులేదు. తెర వెనక విన్నది ఒక్కటీ మరచిపోలేదు. మీ వీడియోలు చూసినప్పుడు, మీకు చెప్పడం వచ్చు, చెప్పడానికే ఏమీ లేదు అనిపించింది. నాకేమో చెప్పడానికి చాలా ఉంది, చెప్పే వీలు లేదు. అందుకని రాసేశాను. తప్పే.

దాదీకి తెలిసిపోయింది. పోయిన శనివారం వీర్రాజు గారు తన ప్యాంటూ, భార్య టేపూ పట్టుకుని వచ్చారు.

"మామ్మా, పంతొమ్మిదేళ్ళు నన్ను మోసం సేసేవా?"

"మోసం కాదురా, మరియాద" అంది దాదీ, మిషను ఆపకుండా.

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "అలగైతే ఈపాలి ముప్పై ఆరు రాయి" అన్నారు. తర్వాత, "మరి ఈ సంగతి ఆ గైడువోడికి ఎవులు సెప్పేరు?" అన్నారు. అప్పుడు మిషను ఆగింది. ఇద్దరూ తిరిగి నా వైపు చూశారు.

దాదీ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. సాయంత్రం వీర్రాజు గారి చేతే నా బల్ల మోయించి వీధి గుమ్మం పక్కన వేయించింది. "ఇంకనుంచి ఇక్కడ సదువుకో. ఇక్కడికి ఏటీ ఇనబడదు" అంది. నిజమే. ఆటోల హారన్లు తప్ప ఇంకేం వినబడవు.

సోమవారం ఒకాయన చొక్కా ట్రయల్ చూసుకుని వెళ్తూ నా బల్ల దగ్గర ఆగారు. అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, ఆ గైడువోడు మీకు తెలుసట కదా. నా పేరొద్దు గానీ..." అని మొదలుపెట్టారు. ఆ రోజు నలుగురు. మంగళవారం పదకొండు మంది. నిన్న వచ్చినవాళ్ళలో సగం మంది మా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా కాదు. సందులో ఆటోలు ఆగిపోయాయి. దాదీ కోపంగా బయటికి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె అందరినీ పైనుంచి కింద దాకా చూసింది. లోపల్నుంచి బెంచీ తెప్పించి గోడ వారగా వేయించింది. "నిలబడి సెప్పుకుంటే దారికి అడ్డం. కూకుని సెప్పండి" అంది. వాళ్ళంతట వాళ్ళే చెబుతున్నారు కాబట్టి ఇందులో షాపు తప్పు లేదట.

కాబట్టి ఇక నుంచి ప్రశ్నలు నావి, గొంతు మీది, పేజీ సగం సగం. ఒప్పుకుంటేనే వచ్చే సోమవారం రండి. దాదీ మీకు మిషను ఇప్పుడే ఇవ్వదు. మొదటి నెల గుండీలట. మీ నాన్నగారి స్నేహితులు పదకొండు మందినీ కాస్త ఓపిక పట్టమనండి.

ఇట్లు,
ఆస్రా

తా.క. నిన్న ఆఖరున ఒక పెద్దాయన వచ్చారు. బెంచీ మీద గంటన్నర కూర్చుని, తన వంతు వచ్చినా ఇద్దరిని ముందుకు పంపి, అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చారు. "నాకు కాదమ్మా, మా స్నేహితుడికి. అరవై రెండేళ్ళోడు కాలరు లేని టీ షర్టు ఏసుకుంటే కాలనీలో నవ్వుతారేటి?" అని అడిగారు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. వేసుకున్న ప్యాంటు మాత్రం జూలైలో మా షాపులో కుట్టిందే. జవాబు పేజీలోనే చెప్పండి. ఇంట్లో చెబితే వినరు.